పళ్ల బీమా తీసుకునే ముందు మీ నోటి లెక్క తేల్చుకోండి

డెంటల్ చెయిర్‌లో వెనక్కి వాలాక డాక్టరు సన్నటి కడ్డీ ఒకటి పంటికీ చిగుళ్లకీ మధ్య సందులోకి మెల్లగా దింపుతారు. దాని మీద మిల్లీమీటర్ల గీతలుంటాయి. ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల అలా దింపి, పక్కనున్న అసిస్టెంటుకి అంకెలు చెబుతూ పోతారు. రెండు, మూడు, రెండు, మూడు, మూడు... ఐదు. నోరు తెరుచుకుని పైన లైటు వంక చూస్తున్న మనకి కూడా ఆ ఐదు దగ్గర ఏదో తేడా కొట్టినట్టు అర్థమవుతుంది. మూడు వరకు ఫర్వాలేదు. నాలుగూ ఆ పైనా వస్తే చిగుళ్లు పంటిని వదిలేస్తున్నాయేమో అని చూడాలి.

పళ్ల బీమా తీసుకోవాలా వద్దా అని నన్నెవరు అడిగినా ముందు ఆ అంకెలు తెలుసా అని అడుగుతాను. ప్రీమియం ఎంత, లిమిట్ ఎంత అన్నవి తర్వాతి మాట. తన నోట్లో ఏముందో తెలియకుండా ప్లాన్ కొనడం కాలి సైజు తెలియకుండా చెప్పులు కొనడమే. ఆ పని నేనూ చేశాను, కాబట్టి చెప్పే హక్కుంది. ఆ సంగతి కాసేపట్లో.

మామూలు బీమాకి ఇది తిరగేసిన రూపం

ఇంటికి బీమా చేయిస్తాం. చిన్న చిన్న రిపేర్లు మనమే చూసుకుంటాం, ఇల్లు కాలిపోతే కంపెనీ ఆదుకుంటుంది. పళ్ల బీమాలో సాధారణంగా ఇది తలకిందులుగా ఉంటుంది. చెకప్, క్లీనింగ్, ఎక్స్‌రే లాంటి చిన్న ఖర్చులు పూర్తిగా వాళ్లే ఇస్తారు. ఫిల్లింగ్‌కి ఓ 80 శాతం. రూట్ కెనాల్, క్యాప్, బ్రిడ్జి (ఊడిన పన్ను చోట పక్క పళ్ల ఆధారంతో కట్టే పన్ను) దగ్గరికి వచ్చేసరికి సగం. అదీ ఏడాది లిమిట్ వరకే, ఆ పైన ఒక్క పైసా రాదు. అన్ని ప్లాన్లూ ఇలాగే ఉండవు గానీ, 100-80-50 అనే ఈ మెట్లు చాలాచోట్ల కనిపిస్తాయి.

కారణం ఊహించడం కష్టం కాదు. ఇల్లు ఎప్పుడు కాలుతుందో ఎవరికీ తెలియదు. పన్ను సంగతి అలా కాదు, నొప్పి మొదలయ్యాకే చాలామంది ప్లాన్ కోసం వెతుకుతారు. అందరూ అలా వచ్చి చేరితే కంపెనీ మూతపడుతుంది. అందుకే వెయిటింగ్ పీరియడ్లు (చేరాక క్లెయిమ్ చేయడానికి ఆగాల్సిన గడువులు), లిమిట్లు, మినహాయింపులు. మరోపక్క, పుచ్చుని మొదట్లోనే పట్టుకుంటే ఫిల్లింగ్‌తో పోతుంది, వదిలేస్తే రూట్ కెనాల్ అవుతుంది. కాబట్టి మిమ్మల్ని ఏడాదికి రెండుసార్లు ఆ చెయిర్‌లో కూర్చోబెట్టడం కంపెనీకీ లాభమే. నన్నడిగితే పళ్ల బీమాలో అసలు సరుకు ఇదే, దగ్గరుండి చెకప్‌కి తోలడం. పెద్ద కష్టంలో ఆదుకుంటుందన్న ఆశ మీద కొంటే నిరాశ తప్పదు.

నోటికీ ఒంటికీ లంకె ఎంతవరకు

ప్లాన్లు అమ్మేవాళ్లు ఇక్కడ కాస్త ఎక్కువే చెబుతారు. ఏది గట్టిగా తేలిందో, ఏది ఇంకా తేలలేదో విడదీసి చూద్దాం.

పొద్దున్న తోముకున్న పంటి మీద కొన్ని గంటల్లోనే మళ్లీ సన్నటి పొర కడుతుంది. అది పాచి, సూక్ష్మజీవుల కాపురం. బ్రష్‌తో పోతుంది. వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం అందులో చేరి కొద్ది రోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. గార పట్టాక ఇంట్లో ఎంత తోమినా రాదు. కసిగా తోమితే చిగుళ్లు కిందికి జారిపోవడమే మిగులుతుంది. గార పక్కన చిగుళ్లు ఎర్రబడి, తోముకుంటుంటే రక్తం కనిపిస్తుంది. ఇంతవరకు వెనక్కి మళ్లించగలిగిన దశే. శుభ్రం చేయించుకుని, రోజూ సరిగ్గా తోముకుంటే చిగుళ్లు మామూలవుతాయి. ఆ దశ దాటి పంటిని పట్టుకునే ఎముక కరగడం మొదలైతే మాత్రం పోయిన ఎముక చాలావరకు పోయినట్టే. వైద్యంతో ఉన్నదాన్ని కాపాడుకోగలం.

క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం చాలామందికి ఉంది. నిజానికి వదులు ముందే ఉంటుంది. గడ్డకట్టిన గార పళ్లని ఒకదానికొకటి అతికించినట్టు పట్టుకుని దాన్ని కప్పిపెడుతుంది. అది తీసేసరికి అసలు సంగతి బయటపడుతుంది, నింద మాత్రం క్లీనింగ్ మీద పడుతుంది.

ఇక ఒంటి సంగతి. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం షుగర్ వ్యాధిది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపు తప్పుతుంది. వైద్య ప్రయోగాల ఫలితాల్ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2022 సమీక్ష చిగుళ్ల జబ్బుకి వైద్యం చేయించుకున్న షుగర్ రోగుల్ని చూసింది. మూడు నాలుగు నెలల తర్వాత వాళ్ల హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష అంకె) సగటున 0.43 పాయింట్లు తగ్గి ఉంది. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, షుగర్‌తో బతికేవాళ్లకి ఆ అర పాయింటు విలువ తెలుసు.

గుండె విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువ కనిపిస్తున్న మాట నిజం. కానీ ఒకటి రెండోదానికి కారణమని గానీ, చిగుళ్లు బాగుచేస్తే గుండెపోటు తప్పుతుందని గానీ రుజువు లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లోనే చెప్పింది. పొగ తాగడం, షుగర్, వయసు రెండిటినీ పెంచుతాయి కదా. కృత్రిమ కవాటాలు పెట్టించుకున్నవాళ్ల సంగతి వేరు. నోటి సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్లి ఆ కవాటాల మీద చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కొన్ని రకాల పంటి పనులకి ముందు వాళ్లకి యాంటీబయాటిక్ ఇస్తారు.

గర్భిణులకి చిగుళ్ల వైద్యం సురక్షితమే. అయితే దానివల్ల నెలలు నిండకుండా పుట్టే కాన్పులు తగ్గుతాయన్న ఆశని 2006లో అమెరికాలో వెలువడిన పెద్ద ప్రయోగం నిలబెట్టలేదు. మంచం పట్టిన పెద్దవాళ్లకి మాత్రం నోటి శుభ్రత నేరుగా ఊపిరితిత్తులకి సంబంధించినది. నోట్లోని మురికి పొరపాటున శ్వాసనాళంలోకి జారితే న్యుమోనియా రావచ్చు. ఎముకల బలానికి బిస్‌ఫాస్ఫొనేట్ మందులు మొదలుపెట్టేవాళ్లు, తలకి మెడకి రేడియేషన్ తీసుకోబోయేవాళ్లు ముందుగా పళ్లు చూపించుకోవాలి. తర్వాత పన్ను పీకించాల్సి వస్తే దవడ ఎముక మానకుండా ఇబ్బంది పెట్టే ప్రమాదముంది. ఈ జాబితాలో మీరు గానీ మీ ఇంట్లోవాళ్లు గానీ ఉంటే ప్లాన్ ఎంపికలో మీ లెక్క మారిపోతుంది.

మీ ముందున్న దారులు

ఉద్యోగంతో పాటు వచ్చే గ్రూప్ ప్లాన్ గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు. కంపెనీ ప్రీమియంలో భాగం కడుతుంటే తీసేసుకోండి. గ్రూప్ ప్లాన్లలో వెయిటింగ్ పీరియడ్లు కూడా తక్కువ ఉంటాయి, ఒక్కోసారి అసలుండవు.

ఆరోగ్య పాలసీకి అనుబంధంగా చేర్చుకునే పళ్ల కవర్‌ని మాత్రం భూతద్దం పెట్టి చదవాలి. 'డెంటల్ కవర్ ఉంది' అన్న మాట వెనక చాలాసార్లు దాగి ఉండేది ప్రమాదంలో దవడ విరిగి ఆసుపత్రిలో చేరితే ఇస్తాం అన్న షరతు. ఫిల్లింగ్‌కీ క్లీనింగ్‌కీ అందులో చోటుండదు. ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే పంటి పనులకి డబ్బిస్తారా అని నేరుగా అడగండి, అవునంటే ఏ కాగితంలో రాసి ఉందో చూపించమనండి.

విడిగా అమ్మే పళ్ల బీమాలో రెండు బాపతులు. ఏ డాక్టరు దగ్గరికైనా వెళ్లి, బిల్లు పెట్టి, కొంత శాతం తిరిగి తీసుకునేది ఒకటి. కంపెనీ జాబితాలో ఉన్న క్లినిక్‌లకే వెళ్లాల్సింది రెండోది. రెండోదాంట్లో ప్రీమియం తక్కువ, కానీ మీకు అలవాటైన డాక్టరు ఆ జాబితాలో లేకపోతే ఆ తక్కువ ధర ఎందుకూ పనికిరాదు. కొందరికి ఇంటి పక్కనే రెండు క్లినిక్‌లు జాబితాలో ఉంటాయి, కొందరికి గంట ప్రయాణం. గంట ప్రయాణమైతే చెకప్‌కి వెళ్లరు. వెళ్లనప్పుడు కట్టిన డబ్బు గంగలో పోసినట్టే.

డిస్కౌంట్ సభ్యత్వం అసలు బీమానే కాదు. ఏడాదికి కొంత కడితే ప్రతి పని మీదా ఇంత శాతం తగ్గిస్తారు. క్లెయిములు లేవు, వెయిటింగ్ లేదు, లిమిట్ లేదు. కొన్ని క్లినిక్‌లు సొంతంగా నడుపుతాయి. కాకపోతే ఏ ధర మీద తగ్గింపు అన్నది తెలుసుకోవాలి. ధర పెంచి తగ్గింపు ఇస్తే అది తగ్గింపు కాదు కదా.

చివరి దారి, ఎవరికీ కట్టకుండా ఆ ప్రీమియం డబ్బుని పళ్ల కోసం పక్కన పెట్టుకోవడం. బాగా పనిచేస్తుంది, నిజంగా పక్కన పెట్టగలిగితే.

కాగితం మీద ఒక లెక్క

కరెన్సీ పక్కన పెట్టి యూనిట్లలో వేద్దాం. అంకెలు నేను ఊహించుకున్నవే, పద్ధతి చూపడానికి. బీమా ప్రీమియం 100, డిడక్టిబుల్ (చెకప్పులు కాని పనులకి బీమా ఇచ్చే ముందు మన జేబులోంచి పోయేది) 20, ఏడాది లిమిట్ 300, ఇచ్చే శాతాలు పైన చెప్పిన 100-80-50. చెకప్, క్లీనింగ్ కలిపి ఒకసారికి 40, అంటే ఏడాదికి 80. ఫిల్లింగ్ 50. రూట్ కెనాల్, క్యాప్ కలిపి 400. మరోవైపు డిస్కౌంట్ సభ్యత్వం 20, తగ్గింపు 20 శాతం.

నోరు బాగున్న మనిషికి ఆ ఏడాది చెకప్పులే. బీమా 80 ఇస్తుంది, 20 నష్టం. సభ్యత్వమైతే 16 తగ్గుతుంది, నష్టం 4. రెండూ పెద్ద విషయాలు కావు.

రెండు ఫిల్లింగులు పడ్డాయనుకోండి. బీమా చెకప్పులకి 80, ఫిల్లింగులకి డిడక్టిబుల్ పోను 64, వెరసి 144 ఇస్తుంది. ప్రీమియం తీసేస్తే 44 మిగులు. సభ్యత్వంతో మిగిలేది 16.

ఒక రూట్ కెనాల్, క్యాప్ పడితే బీమా మొత్తం 270 ఇస్తుంది. 170 మిగులు. సభ్యత్వంతో 76. ఇక్కడ బీమా నెగ్గింది.

ఇప్పుడు నోరంతా పాడైన మనిషిని తీసుకోండి. 1600 యూనిట్ల పెద్ద పని, పైన 80 చెకప్పులు. సగం లెక్కన బీమా 870 ఇవ్వాలి. కానీ లిమిట్ 300. ప్రీమియం పోను మిగిలేది 200. సభ్యత్వంతో 1680 మీద 336 తగ్గుతుంది, ఫీజు పోను మిగిలేది 316. ఎవరికి బీమా బాగా అక్కరకొస్తుందనుకుంటామో, వాళ్ల దగ్గరే అది ఓడిపోయింది.

మీ ప్లాన్ అంకెలతో ఇదే లెక్క ఒకసారి వేసి చూడండి. నడిమధ్యలో ఉన్నవాళ్లకి, అంటే ఏడాదికి రెండు ఫిల్లింగులో, ఒక రూట్ కెనాలూ క్యాపో పడేవాళ్లకి బీమా కలిసొస్తుంది. రెండు చివర్లలో ఉన్నవాళ్లు వేరే దారి చూసుకోవడం మేలు. పెద్ద పని ఉండి అత్యవసరం కాకపోతే, దాన్ని రెండు పాలసీ ఏడాదుల మీద పంచుకోవడం కుదురుతుందేమో డాక్టరుని అడగండి. రెండు లిమిట్లు వాడుకోవచ్చు.

నేను తిన్న దెబ్బ

కింది దవడ పన్ను ఒకటి పీకించుకుని, ఖాళీని ఎలాగోలా నెట్టుకొస్తూ, బ్రిడ్జి వేయించుకుందామని ప్లాన్ కొన్నాను. ఏడాది వెయిటింగ్ ఓపిగ్గా పూర్తిచేశాను. బిల్లు పెట్టాక ఒక్క పేజీ ఉత్తరం వచ్చింది, ప్లాన్ మొదలయ్యేనాటికే లేని పన్నుకి ప్రత్యామ్నాయం కవర్ కాదని. మిస్సింగ్ టూత్ క్లాజ్ అంటారట. పాలసీ కాగితాల్లో ఉంది, పదిహేనో పేజీలో, నేను చదవని పేజీలో. తెలుగులో పన్ను అన్న మాటకి రెండర్థాలున్నాయి, ఆ ఏడాది నేను రెండూ కట్టినట్టయింది.

అప్పట్నుంచి ప్లాన్ చూడగానే చివరి పేజీల నుంచి చదువుతాను. లేని పళ్ల షరతుతో పాటు ఇంకొన్ని చోట్ల వేలు పెట్టి చూడాలి. క్లీనింగ్ 'ఏడాదికి రెండుసార్లు' అని ఉందా, 'ఆరు నెలలకోసారి' అని ఉందా? రెండోదైతే ఆరు నెలలకి రెండు రోజుల ముందు వెళ్లినా క్లెయిమ్ తిప్పికొట్టవచ్చు. చెకప్పుల ఖర్చుని ఏడాది లిమిట్‌లోంచి కోస్తారా? వెనక పళ్లకి తెల్ల ఫిల్లింగ్ పెట్టించుకుంటే వెండి ఫిల్లింగ్ ధరే ఇస్తామంటారా? పాత క్యాప్ మార్చాలంటే ఎన్నేళ్లు ఆగాలి? ఇంప్లాంట్లు, పిల్లల క్లిప్పులు ఉన్నాయా? క్లిప్పులకి చాలాసార్లు జీవితకాలం మొత్తానికీ కలిపి ఒకే లిమిట్ ఉంటుంది. పెద్ద పనికి ముందు ఎంత ఇస్తారో రాతపూర్వకంగా అంచనా తెప్పించుకునే వీలుందా అన్నది మరిచిపోకుండా అడగండి.

ఆరు నెలలకోసారి అన్నది శాసనమా

కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ 2004 నుంచీ చెబుతున్నది వేరు. పెద్దవాళ్లకి వాళ్ల ప్రమాదాన్ని బట్టి మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా ఎంత ఎడమైనా ఉండొచ్చు, పిల్లలకి ఏడాది దాటకూడదు. నోరు బాగుండి క్రమంగా చూపించుకునే పెద్దవాళ్లకి నియమంగా చేసే క్లీనింగ్ వల్ల చిగుళ్ల జబ్బులో పెద్ద తేడా కనిపించలేదని 2018 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. కాబట్టి నోరు బాగున్నవాళ్లు 'రెండు క్లీనింగులు ఉచితం' అన్న మాటకి మరీ లొంగిపోనక్కర్లేదు.

చిగుళ్ల జబ్బుకి వైద్యం అయినవాళ్ల సంగతి దీనికి పూర్తిగా ఎదురు. వాళ్లకి మూడు నాలుగు నెలలకోసారి శుభ్రం చేయించుకోమంటారు. రెండింటికే డబ్బిచ్చే ప్లాన్ వాళ్లకి సగం ప్లానే. కొన్ని కంపెనీలు షుగర్ ఉన్నవాళ్లకీ గర్భిణులకీ అదనపు క్లీనింగ్ ఇస్తాయి, అయితే అడిగి పేరు నమోదు చేయించుకుంటేనే.

పిల్లలకైతే నేను క్లీనింగ్ కన్నా రెండు విషయాలు చూస్తాను. ఆరేళ్లప్పుడు వచ్చే శాశ్వత దవడ పళ్ల గాడుల్ని పుచ్చు పట్టకుండా మూసే పూత సీలెంట్, పళ్లకి పూసే ఫ్లోరైడ్ వార్నిష్. ఆ వయసులో పుచ్చు మొదలయ్యేది ఎక్కువగా ఆ గాడుల్లోనే. ఈ రెండూ పూర్తిగా కవరైతే పిల్లల ప్లాన్ కొనడానికి సగం కారణం దొరికినట్టే.

ఏ ప్లానూ చేయలేని పని

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం సుమారు 350 కోట్ల మందికి ఏదో ఒక నోటి జబ్బు ఉంది. పళ్లు పుచ్చడానికి కావాల్సింది చక్కెర, పాచి, సమయం. తీపి తిన్న ప్రతిసారీ పాచిలో ఆమ్లం పుట్టి పీహెచ్ 5.5 కిందికి పోతే ఎనామిల్ కరగడం మొదలవుతుంది, లాలాజలం దాన్ని మళ్లీ సర్దడానికి టైం పడుతుంది. అందుకే ఎంత తిన్నామన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నామన్నది పళ్లకి ముఖ్యం. ఒకే డ్రింకుని మధ్యాహ్నమంతా గుక్కగుక్కగా తాగడం ఒక్కసారిగా తాగేయడం కన్నా పళ్లకి చేటు.

పేస్టు కొనేటప్పుడు రంగూ రుచీ కాదు, ట్యూబు వెనక ఫ్లోరైడ్ అంకె చూడండి. 1000 నుంచి 1500 పీపీఎం మధ్య ఉండాలి. ఫ్లోరైడ్ పేస్టుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మూడేళ్లలోపు పిల్లలకి బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠానీ గింజంత చాలు. తోముకున్నాక నురుగు ఉమ్మేయండి, నీళ్లతో పుక్కిలించకండి. పుక్కిలిస్తే కొన్న ఫ్లోరైడ్ సింకు పాలవుతుంది. ఎలక్ట్రిక్ బ్రష్ మామూలు బ్రష్ కన్నా పాచిని కొంచెం బాగా తీస్తుంది. మూడు నెలలు దాటాక పాచి 21 శాతం తగ్గిందని 2014 కాక్రేన్ సమీక్ష అంటుంది. చేతులు వణికే పెద్దవాళ్లకి ఒక ఏడాది ప్రీమియం బదులు అది కొనిపెట్టినా తప్పులేదు.

పంటి నొప్పికి అత్యవసర విభాగానికి పరుగెత్తితే నొప్పి మాత్రలు, ఒక యాంటీబయాటిక్ చీటీ చేతిలో పడతాయి. పంటి లోపలి నరం వాచి వచ్చే నొప్పిని యాంటీబయాటిక్ నయం చేయదు. నాలుగు రోజులు తగ్గినట్టుండి మళ్లీ మొదటికొస్తుంది. ఇంకొకటి, నొప్పి లేకపోయినా నోట్లో పుండో తెల్ల మచ్చో రెండు మూడు వారాలు దాటినా మానకపోతే బీమా ఉన్నా లేకపోయినా చూపించుకోండి. పొగాకు, వక్క అలవాటున్నవాళ్లు మరీ.

ఇంతకీ నేనేం చేశానంటారా? ఆ బ్రిడ్జి దెబ్బ తర్వాత ప్లాన్ కొనే ముందే సొంత డబ్బుతో పూర్తి చెకప్ చేయించుకున్నాను. ఆ మిల్లీమీటర్ల అంకెల కాగితం, వచ్చే రెండేళ్లలో పడే పనుల జాబితా రాయించుకుని తెచ్చుకుని, పైన చెప్పిన లెక్కలో పెట్టి చూశాను. నాకు డిస్కౌంట్ సభ్యత్వం చాలనిపించింది. పిల్లలకి సీలెంట్లు, క్లిప్పులు కవరయ్యే బీమా తీసుకున్నాను. మా అమ్మకి షుగర్ ఉంది, ఏడాదికి నాలుగు క్లీనింగులిచ్చే ప్లాన్ దొరికేదాకా మూడు కంపెనీలకి ఫోన్ చేశాను. మూడోచోట ఫోనెత్తినమ్మాయి నాలుగిస్తామనగానే, అది ఏ పేజీలో ఉందో చెప్పమన్నాను. ఇరవై రెండో పేజీ అంది. లైన్లో ఉంచి, తీసి చూశాను. ఉంది.